సీతాలు తీసేసిన డెబ్భై లైన్లు

సీతాలు మొండిఘటం. నడిసముద్రపు దీవుల్లో, మిడిల్ పాయింట్ అనే పేటలో ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటుంది, సాయంత్రం బస్సెక్కి తన ఊరు తుష్నాబాద్ చేరుతుంది. అంతటితో ఊరుకోవచ్చుగా? ఊరుకోదు. ఎవరైనా ఉచితంగా వాడుకునే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఫైళ్ల సంగతి చూసే కోడ్‌ను పట్టుకుని కూర్చుంది.

అందులో సింబాలిక్ లింకులుంటాయి. లింకంటే అసలు ఫైలు కాదు, "అది ఫలానా చోట ఉంది, అక్కడికి పో" అని రాసిన చీటీ. ఆ చీటీ చదవడానికొక ఫంక్షన్, చెప్పిన చోటికి పోవడానికొకటి, పనయ్యాక మెమరీని వదిలేయడానికి ఇంకొకటి. గోరంత పనికి కొండంత కోడ్! సీతాలు మూడింటినీ కలిపి ఒకటి చేసింది. డెబ్భై లైన్లు ఎగిరిపోయాయి. 2016 జూన్‌లో ఒక శుక్రవారం ఆ మార్పును కోడ్ చూసే పెద్దలకు మెయిల్ చేసింది. గంటలో వాన పట్టుకుంది, నెట్ పోయింది. అప్పట్లో ఆ దీవుల్లో నెట్టంటే ఉపగ్రహం దయ.

ఇంటికెళ్లే బస్సులో ఆమెకు తన పొరపాటు తట్టింది. తను దిద్దిన అసలు కోడ్ నెట్‌లో దించుకున్నది కాదు. దించాలంటే వారం పడుతుందని, ఓడలో పనిచేసే బావ జోగులు చేత వైజాగ్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెప్పించుకుంది, అదీ రెండు నెలల కిందట. ఈలోగా పెద్దలు మెమరీ వదిలే పనిని వేరే చోటికి మార్చారు. ఆ సంగతి మెయిల్లో చదివి కూడా మరిచిపోయింది. ఇప్పుడు తన కోడ్ చేరిస్తే ఒకే మెమరీని రెండుసార్లు వదిలేస్తుంది. ఎక్కడో ఎవరి మిషనో ఆగిపోతుంది, ఫైళ్లు గల్లంతు!

"రెండ్రోజుల్నుంచి ముద్ద దిగడం నేదు, ఏటైనాదే?" అంది చేపలమ్మే తల్లి కాళమ్మ, ఆదివారం పొద్దున.

"నా తప్పుకి ఎవులి పనో పాడైపోతాదమ్మా. ఆపమని సెప్దామంటే నెట్ నేదు."

"తప్పని తెలిసినాది కదా. నెట్ రాగానే నువ్వే సెప్పెయ్. బస్, ఖతమ్."

సోమవారం నెట్ వచ్చింది. జవాబులేం వచ్చాయో కూడా చూడకుండా, "ఆపండి, నేను పాత కోడ్ మీద రాశాను" అని ముందు పంపేసింది. తర్వాత పెద్దలు పంపిన శనివారం నాటి జవాబు తెరిచింది.

"మీ మార్పు కొత్త కోడ్‌కు అతకలేదు, కాబట్టి ఎక్కడా చేర్చలేదు. ఆలోచన చాలా బాగుంది. కొత్తదాని మీద రాసి పంపండి, ఎదురుచూస్తాం."

అమ్మయ్య! సీతాలు కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ ఏడ్చేసింది. ఏడుస్తూనే తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఎవులిదీ పాడవనేదు! మల్లీ రాయమన్నారు!"

అవతల చేపల బేరం ఆగింది.

"ఆ రాతలేటో నాకు తెల్దు గానీ, నీ గొంతు మల్లీ నీదైనాదే," అంది కాళమ్మ.