రోజుకో పావు తిప్పు

మా ఇంట్లో పొద్దున్నే కాఫీ గ్లాసు కంటే ముందు స్పానరు చేతికొస్తుంది. తమిళనాడులో విరుదునగర్ దగ్గర నేతవాళ్ళ ఊరు మాది. ఇంటి వెనక షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లు ఉన్నాయి. రోజంతా అదిరే మగ్గానికి బోల్టులు వదులవుతాయి కాబట్టి, స్విచ్చి వేసేముందు ప్రతి బోల్టుకీ ఒక పావు తిప్పు వేయడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. వదులైందా లేదా అని చూసేది లేదు, తిప్పడమే. అసలే కంగారు మనిషిని. అది కాకుండా నాకు ముద్ద దిగదు.

మా అమ్మాయికి పదిహేడేళ్ళు. కోవిల్‌పట్టిలో ఒక రైఫిల్ క్లబ్బులో చేరి రెండేళ్ళుగా ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. రైఫిల్‌ని బల్ల మీద ఆనించి, పైన బిగించిన స్కోపులోంచి గురి చూసి కొట్టాలి. ఆ ఏడాది క్లబ్బు జట్టులో ఒకే ఒక్క చోటు ఖాళీ అయింది. అది దక్కితే ఆట సాగించవచ్చు, దక్కకపోతే రైఫిల్ మూలన పెట్టి పన్నెండో తరగతి పుస్తకాలు పట్టుకోవాలి. ఇది వాళ్ళమ్మ పెట్టిన షరతు. ఇద్దరం తలూపాం.

ఎంపికకి మూడు వారాల ముందు, కాల్చినప్పుడల్లా తగిలే కుదుపుకి స్కోపు కొంచెం వెనక్కి జారింది. దాన్ని మళ్ళీ ఎలా కూర్చోబెట్టాలో కోచ్ చూపించి పంపాడు. అమ్మాయి ఇంట్లో తనే చేసుకుంది. వసారాలో దారానికి ఒక బాబిన్ వేలాడగట్టి, స్కోపులో కనబడే నిలువు గీతను ఆ దారంతో సరిచూసుకుంది. స్కోపును పట్టి ఉంచే రెండు రింగులకీ ఎనిమిది మరలు. ఒకటి ఇటు, ఒకటి అటు, కొంచెం కొంచెంగా, రెండు వైపులా సందు సమంగా ఉండేట్టు రెండు వేళ్ళ బలంతోనే బిగించింది. సాయంత్రం మగ్గాలు ఆపాక షెడ్డు పొడవునా పది మీటర్లు కొలిచి కాల్చింది. గుళ్ళు అట్ట మీద నడిబొడ్డున పడ్డాయి.

నాకు మాత్రం మనసొప్పలేదు. కుదుపు తగిలే వస్తువుకి రెండు వేళ్ళ బిగింపు ఏం సరిపోతుంది? మర్నాడు మగ్గాల పని కాగానే సొరుగులోంచి మరలు తిప్పే చిన్న అలెన్ కీ తీసి స్కోపు మరలకి తలా ఒక పావు తిప్పు వేశాను. రైఫిల్ గోడవారగా బల్ల మీద ఉంటుంది కాబట్టి గోడవైపు మరలకి చెయ్యి సరిగా అందదు, అందిన వైపే కాస్త గట్టిగా పడింది. అమ్మాయి ట్యూషన్‌కి పోయి ఉంది. ఇది చెప్పుకునేంత విషయమని నాకు తోచలేదు. ఆ మర్నాడూ తిప్పాను, ఆపైన రోజూ తిప్పాను.

అక్కణ్ణుంచి మొదలైంది. ఇవాళ గుళ్ళు ఎడమకి పడితే రేపు ఎడమకీ కిందకీ పడేవి. స్కోపు మీది చక్రాలు తిప్పి నడిమికి తెచ్చుకుంటే మర్నాటికి మళ్ళీ ఎటో పోయేవి. నేను పక్కన నిలబడి ఊపిరి సరిగా బిగపట్టడం లేదనీ, భుజం కదులుతోందనీ పెద్ద తెలిసినవాడిలా చెప్పేవాణ్ణి. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిల్లకి తిండి తగ్గింది. ఒకరోజు, "నా కన్నే సరి లేదేమో నైనా" అంది. విరుదునగర్ తీసుకెళ్ళి పరీక్ష చేయించాను. పెద్దగా ఏమీ లేదు, కావాలంటే పెట్టుకోమని కళ్ళద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకున్నా గుళ్ళ దారి గుళ్ళదే. నా కంగారు పెరిగింది. పెరిగేకొద్దీ నా పావు తిప్పు కూడా పెరిగింది.

ఎంపిక రోజు కోవిల్‌పట్టి బస్సు ఎక్కేముందు కూడా తిప్పాను. మర కీచుమంది. గట్టిగా ఉందని సంతోషపడ్డాను.

పోటీకి ముందు గురి సరిచూసుకోవడానికి ఆరు గుళ్ళు ఇస్తారు. మొదటి ఐదూ ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఒకేచోట పడ్డాయి, నడిమికి బొటనవేలంత దూరంలో, ఎడమకి కిందుగా. చక్రం తిప్పి ఇంకోటి కాల్చింది. అదీ అక్కడే పడింది. పిల్ల రైఫిల్ మీంచి చెయ్యి తీసేసింది. కోచ్ వచ్చి అట్ట చూశాడు. కన్నో చెయ్యో తప్పితే గుళ్ళు చెదురుతాయి, ఇవి ఒక్కచోటే కూర్చున్నాయి, తప్పు స్కోపు బిగింపులో ఉందని తమిళంలో అన్నాడు. రింగుల మీద వేలు పెట్టి చూశాడు. ఒకవైపు సందు పూర్తిగా మూసుకుపోయింది, మరల తలలు అరిగిపోయాయి. రోజూ దీన్ని తిప్పుతున్నదెవరని అడిగాడు. బిగించాక తను ముట్టుకోనే లేదని అమ్మాయి చెప్పింది. ఆయన నమ్మలేదు. అబద్ధమాడే పిల్లను చూసినట్టు చూశాడు.

నేను అమ్మాయి పక్కకి వెళ్ళాను. అందరూ తమిళం మాట్లాడే ఆ హాలులో అమ్మాయికొక్కదానికే అర్థమయ్యే మా ఇంటి తెలుగులో చెప్పాను.

"నేనే తిప్పినానమ్మా. దినమూ, మగ్గానికి తిప్పినట్టు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అయితే నా కన్ను బాగానే ఉండాదా, నైనా?"

"బాగానే ఉండాది" అన్నాను. కోచ్‌కి మళ్ళీ అదంతా తమిళంలో ఒప్పుకున్నాను.

ఆయన పావుగంటా, గురి చూసుకోవడానికి ఇంకొన్ని గుళ్ళూ ఇచ్చాడు. అమ్మాయి నా జేబులోని అలెన్ కీ తీసుకుని మరలన్నీ వదులు చేసింది. స్కోపు గొట్టం మీద రింగు అచ్చు పడి నొక్కుకుపోయి ఉంది. నా తుండు అంచు నుంచి నాలుగు పోగులు లాగి పేని, అలెన్ కీని వాటికి కట్టి కిటికీ కడ్డీకి వేలాడదీసింది. ఆ పోగుతో స్కోపు గీతను సరిచూసుకుని, కీని విప్పి, రెండు వేళ్ళతో బిగించింది. నా చేతులు ఊరుకోవని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. చక్రం కొంత పనిచేసింది, పూర్తిగా కాదు. గుండు ఇంకా కొంచెం ఎడమకే పోతోంది. ఆ మేరకి కుడికి జరిపి గురి పెడతానంది. కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టింది.

రెండో స్థానం వచ్చింది. చోటు ఒక్కటే కదా, మొదటి పిల్లకి పోయింది.

ఇంటి గడప దగ్గరే వాళ్ళమ్మ ఏమైందని అడిగింది. అమ్మాయి నోరు తెరిచేలోపు, తప్పు నాదనీ, షరతు నా తప్పుకి వర్తించదనీ, ఇంకో ఏడాది ఆడనివ్వాల్సిందేననీ గబగబా చెప్పేశాను. ఆవిడ ఇద్దరి మొహాలూ చూసి, ముందు అన్నం తినండి అంది. ఆవిడ కాదంటే అక్కడే కాదంటుంది, నాకు తెలుసు.

మర్నాడు మగ్గాలు నాలుగూ బిగించాను. నా చెయ్యి సిగ్గు లేకుండా సొరుగు దాకా పోయింది. తెరిస్తే కీ లేదు. అమ్మాయి దాన్ని నా తుండు పోగులకే కట్టి, మెళ్ళో వేసుకుని ట్యూషన్‌కి పోయింది.