పైనుంచి కిందికి

వై.ఎన్.హొసకోటలో నొప్పులకు కరెంటు పెట్టే గది నాది. బలసముద్రం నుంచి ఒకామె కుడి భుజం పట్టేసిందని వచ్చేది. గొర్రెలు కాసిన మనిషి, ఇప్పుడు సోలార్ ప్యానెళ్లు కడిగే కూలి. ఆ ప్యానెళ్లున్నది ఆమె లీజుకిచ్చిన చేన్లోనే.

ప్యాడ్లు అంటించే ముందు కొంగుతో భుజం తుడుచుకునేది. పైనుంచి కిందికే, అడ్డంగా ఎప్పుడూ కాదు. ప్యానెళ్లు తుడిచే తీరది.

"ఇంకొంచెం పెంచప్పా," అనేది. కండ ఎగిరిపడితేనే నొప్పి పోతుందని ఆమె నమ్మకం.

"పెంచితే తగ్గదక్కా. పదిదినాలు చేతికి రెస్టు ఇయ్యి."

"రెస్టంటే నా పని ఇంకొకరికిస్తారు. నా చేన్లోకి నన్నే రానీరు."

ఒక మధ్యాహ్నం మిషను ఆగిపోయింది. ఊరంతా కరెంటు పోయింది. బయట ఎండ మండిపోతోంది.

"ఇంత ఎండుండాది. మా చేన్లో పుట్టే కరెంటు యాడికి పోతాదప్పా?"

"బెంగుళూరికి," అన్నాను. చెప్పడానికి నాకే ఒళ్లు మండింది.

ఆమెకు కోపం రాలేదు. అరమీదున్న మిషను అద్దంపై దుమ్ము కనిపించి కొంగు పట్టుకుంది. కుడిచేయి అంత ఎత్తుకు లేవలేదు. ఎడమచేత్తో మోచేతిని ఎత్తిపట్టుకుని, ఆగిపోయిన మిషనును తుడిచింది, పైనుంచి కిందికి.