ఊరికే కూర్చున్న ఆమె

కోయిలకుంట్ల దాటాక మా బస్సు చెడిపోయింది. మిట్టమధ్యాహ్నం. అందరం దిగి, డ్రైవరును విసుక్కుంటూ వేపచెట్టు నీడలో నిలబడ్డాం. నా పక్క సీటులో వచ్చిన గాజులమ్ముకునే ముస్లిం ఆవిడ మాత్రం దుప్పటి పరిచి నమాజు చేసుకుంది. అయిపోయాక కూడా లేవలేదు. కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆ ముఖంలో నెమ్మది చూసి నాకు ఒళ్ళు మండింది.

ఆమె కళ్ళు తెరవగానే, “అంతసేపూ దేవుణ్ణి ఏం అడిగినావు?” అన్నాను.

“ఏమీ అడగలేదుమ్మా. శానా అలిసిపోయినా. ఊరికే ఆయన దగ్గర కూచున్యా.”

పక్కకు జరిగి, దుప్పటి మీద నాకు చోటు చూపించింది. “నువ్వూ కూచోమ్మా. బస్సు యాడికీ పోదులే.”

నేను మొహం తిప్పుకున్నాను.

మా ఇంట్లో దేవుడికి విడిగా గది ఉంది. రోజూ దీపం పెట్టి, కోరికలన్నీ చెప్పుకుని, కుక్కరు కూత వినగానే లేచిపోతాను. అక్కడ నాకు దొరకనిది ఆమెకు రోడ్డు పక్కన దొరికింది. కన్నతండ్రి నన్ను వదిలి పొరుగింటి పిల్లను దగ్గరకు తీసుకున్నట్టు కుళ్ళుకున్నాను.

ఇప్పుడు దీపం పెట్టాక కాసేపు కూర్చుంటున్నాను. నాకు భక్తి పెరిగిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు. ఆమెకు దొరికింది నాకెందుకు దొరకదన్న పంతంతో కూర్చుంటున్నానని వాళ్ళకు చెప్పలేదు.