దుమ్మెత్తిపోసిన అవ్వ

దుమ్మెత్తిపోయడమంటే ఘాటుగా తిట్టడమని బెళుగుప్ప బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. ఆ మాట ఎట్లా పుట్టిందో మా పక్కింటి అవ్వను చూసినాకే తెలిసింది.

గాలిమరలకు దారి వేస్తామని, ఆమె ఒప్పుకోకుండానే కంపెనీవాళ్లు ఆమె శెనక్కాయ చేన్లోకి మట్టి తవ్వే బండిని తెచ్చినారు. అవ్వ దానికి అడ్డం నిలబడి, దోసిళ్లతో దుమ్మెత్తి పోస్తా, "మీ ఇల్లు గుల్లగాను! మీ నోట్లో మన్ను పడ!" అని అరిచింది. బండి ఇనుప బొక్కెన ఆమె తలమీదికి వచ్చేసింది.

డ్రైవరు బండి ఆపి దిగినాడు. "నాకూ పిల్లోళ్లుండారు, శాపం పెట్టొద్దవ్వా" అని మొక్కి, బండి వెనక్కి తిప్పుకుని పోయినాడు.

గట్టు మీదున్న నేను పరిగెత్తిపోయి అవ్వను పట్టుకున్నాను. అవ్వ చేతుల మన్ను దులుపుకుంటాంది.

"నీకు భయం కాలేదా అవ్వా?"

"భయం కాకుంటే ఇంత నోరు యాడినుంచి వస్తాదమ్మా?" అనింది.