రేగొండ సభలో నేను తగ్గించిన గొంతు

ఎవరైనా నా పాటను మెచ్చుకుంటే నాకు సంతోషం కలగదు. వెంటనే మాట మార్చేస్తాను. ఏళ్ల తరబడి ఇంతే. ఎందుకో నా భర్తకు తెలియదు, పిల్లలకు తెలియదు. ఇక మోయలేక మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

తెలంగాణ ఉద్యమం ఊరూరా నడుస్తున్న రోజులవి. భూపాలపల్లిలో మాదొక చిన్న కళాసంస్థ. రిటైరైన డ్రాయింగు టీచరు ఒకాయన పెట్టాడు. పాడేవాళ్లను, బొమ్మలు వేసేవాళ్లను వెతికి తెచ్చి, నేర్పించి, సభల్లో అవకాశం ఇప్పించేవాడు. ఆయనను అందరం సారు అనేవాళ్లం. నేను బొగ్గుబాయి కార్మికుడి కూతురిని. మూడేళ్లుగా అక్కడ ముందు నిలబడి పాడేది నేనే.

అప్పుడు కమ్లి వచ్చింది. మరిపెడ దగ్గరి తండా పిల్ల, పద్దెనిమిదేళ్లుంటాయి. భూపాలపల్లిలో మేనమామ క్వార్టర్‌లో ఉండేది. ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది కాబట్టి తెలుగు పాటలో కొన్ని మాటలు వేరుగా పలికేవి. కానీ ఆ గొంతు! మొదటి రోజు ఆమె పాడుతుంటే సారు చాయ్ తాగడం మరచిపోయాడు. నా పాటకు ఆయన ఎన్నడూ అలా కాలేదు. నాలో విషం అక్కడే మొదలైందా? లేక ఆమె 'అక్కా' అంటూ నా పక్కన కూర్చుని నా పాటలు రాసుకుంటున్నప్పుడా? ఎంత వెతుక్కున్నా తెలియదు.

రేగొండలో సభ. మైదానం నిండా జనం. కమ్లికి అదే మొదటి వేదిక. మా మైకుసెట్టు దగ్గర వంతులవారీగా కూర్చునేవాళ్లం. ఆమె పాడేటప్పుడు వంతు నాది. మొదటి చరణానికే జనం లేచి చప్పట్లు కొట్టారు. నా చెయ్యి వాల్యూం బటన్ మీదికి పోయింది. కొద్దిగా తిప్పాను. తరవాత ఇంకొద్దిగా. నన్నెవరూ చేయమనలేదు.

"ఇనబడ్తలేదు!" అని వెనక నుంచి అరిచారు. కమ్లి గొంతు పెంచింది. ఇంకా పెంచింది. పైకి పోయి పోయి గొంతు జీరపోయింది. ఎవరో ఈల వేశారు. నవ్వులు. పాట మధ్యలోనే ఆపి దిగిపోయింది.

తరవాతి పాట నాది. లేచేముందు బటన్‌ను మళ్లీ సరిచేశాను. అది మాత్రం మరచిపోలేదు! ఆ రోజు నేను చాలా బాగా పాడానన్నారు.

తిరుగు ప్రయాణంలో జీపులో కమ్లి నా పక్కనే కూర్చుంది.

"అక్కా, నా గొంతు గంత చిన్నదా?" అని అడిగింది.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. మైకు చెడిపోయిందని అబద్ధమైనా చెప్పి ఉండవచ్చు.

"తండాల పాడుడు వేరు, సభల పాడుడు వేరు కమ్లీ. నీ గొంతు గంత దూరం పోదు," అన్నాను.

"గట్లనా," అంది. ఏడవలేదు. నమ్మింది.

తెల్లారి సారు నన్నే సలహా అడిగాడు. "ఆ పిల్లను మల్లొక్కపారి పాడిద్దామా?"

"జర ఆగుదాం సార్. పిల్ల పరేషాన్ల ఉన్నది," అన్నాను, ఎంతో దయ ఉన్నదానిలా. పదిహేను రోజులకు కమ్లి తండాకు వెళ్లిపోయింది.

రాష్ట్రం వచ్చింది. సారు పోయాక సంస్థ నా చేతికొచ్చింది. ఇప్పుడు నేనే కొత్తవాళ్లకు పాట నేర్పుతున్నాను. ఎవరైనా నాకన్నా బాగా పాడితే గుండె దడదడలాడుతుంది. ఏమిటి భయం? ఎప్పటికైనా దొరికిపోతాననా? మళ్లీ అదే పని చేస్తాననా?

పోయినేడు ఒక కార్యక్రమానికి పోయి మరిపెడ సంతలో కమ్లిని చూశాను. ఎండుమిరప అమ్ముతోంది. పక్కన కూతురు ఏదో పాడుకుంటోంది. అదే గొంతు, అచ్చంగా.

"బిడ్డను మా దగ్గరికి పంపరాదూ?" అన్నాను.

"వద్దక్కా, మా ఇంట్ల ఎవ్వలికి సభల పాడే గొంతు లేదు. నలుగుట్ల నవ్వులపాలు గాకుంట నువ్వప్పుడే చెప్పి మంచిగ చేసినవ్," అని నవ్వి, నా సంచిలో గుప్పెడు మిరపకాయలు వేసింది.

సంచి భుజాన వేసుకున్నాను. వచ్చేశాను. ఆ తరవాత రెండుసార్లు ఆ తండాకని బయలుదేరి, దారిలోనే బస్సు దిగిపోయాను.

ఇది రాయడం ఆమెకు చెప్పడం కాదని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ నేనే చేశానన్న మాట మొదటిసారి నాలోంచి బయటికి వచ్చింది.