పెళ్లి నడక నడవాల్సిన కారు

2022, ఆషాఢ మాసం. పెళ్లిళ్లు లేని నెల కాబట్టి పెళ్లి కార్లు మరమ్మతుకు వచ్చేది అప్పుడే. నరసరావుపేటలోని నా షెడ్డుకు ఈపూరు నుంచి కోటేశ్వరరావు తన తెల్ల అంబాసిడర్‌ను తెచ్చాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో పెళ్లికూతుళ్లను ఊరేగించిన కారు అది. దాని మీదే ఆయన సంసారం నడుస్తోంది.

"మస్తాన్ భాయ్, ఏసీ లేకపోతే పెళ్లోళ్లు కారెక్కట్లా. చెమటకి మేకప్ కారిపోతందంట. దీనికి ఏసీ పెట్టు."

"ఈ ఇంజను తన బండినే లాగలేక చస్తంది. ఏసీ కూడా మోయమంటే నడిరోడ్డు మీద కూర్చుంటది" అన్నాను.

"అయితే పెద్ద ఇంజనెయ్యి. శ్రావణంలో పెళ్లిళ్లు ఒప్పుకున్నా. ఇది కుదరలేదా, కారును పాతసామానుకి తోసి, ఎవుడి బండికో డ్రైవరుగా పోవాల్సిందే."

నవ్వుతూనే అన్నాడు కానీ, నాకు మనసు చివుక్కుమంది.

పాత కారులో పెద్ద ఇంజను పెట్టడమంటే ఒకటి తీసి ఇంకోటి దించడం కాదు. ఆర్టీవో ఆఫీసు అనుమతి వచ్చాకే పదిహేనొందల సీసీ ఇంజను విప్పి, రెండువేల సీసీది చైన్ పుల్లీతో దించాను. దాన్ని బాడీకి పట్టి ఉంచే ఇంజను మౌంట్లు కొత్తగా చేయించాను. పొడవు కూడా ఎక్కువ కావడంతో, ఇంజను నీళ్లను చల్లబరిచే రేడియేటరును ముందుకు జరపక తప్పలేదు. ఏసీ బిగించాక కోటేశ్వరరావు వినుకొండ రోడ్డు మీద ట్రయలుకు వెళ్లి, మొహం చేటంత చేసుకుని వచ్చాడు.

"ఎనభైలో లాక్కుపోయింది భాయ్! టెంపరేచర్ ముల్లు కదిలితే ఒట్టు. ఇక పోతా."

"పెళ్లికూతుర్ని ఎనభైలో ఊరేగిస్తావా ఏంది?" అన్నాను.

ఊరేగింపులో బ్యాండువాళ్లు నాలుగడుగులు వేసి ఆగుతారు. కుర్రాళ్లు డాన్సు మొదలెడితే కదలనివ్వరు. కారు వెనకే పాకుతూ రావాలి. ఎదురుగాలి తగలదు, పైగా ఏసీ నడుస్తుంటుంది. నేను చూడాల్సింది ఆ నడక.

ఆ రోజు ఆయన భార్య నాగమణి కూడా వచ్చింది. "చెల్లెమ్మా, వెనక కూర్చో. కాసేపు నువ్వే పెళ్లికూతురివి" అన్నాను.

"వద్దన్నా. ఊరికి పోయినా నేను ముందే కూర్చుంటా. ఎనక సీటు మాసిపోద్దని భయం. పూలరేకులు ఊడవటమే గానీ, ఎక్కింది లేదు."

బతిమాలితే చెప్పులు కింద విడిచి ఎక్కింది.

బ్యాండు బదులు నేను ముందు నడిచాను. వెనక ఆటోలవాళ్లు ఒకటే హారన్లు. టీ కొట్టు ఆయన "ఏంది మస్తానూ, ఆషాఢంలో పెళ్లి చేయిస్తన్నావా?" అని అరిచాడు. వీధి చివరికి చేరకముందే ముల్లు ఎర్రగీత ఎక్కింది. బానెట్ ఎత్తితే ఒకటే ఆవిరి.

కోటేశ్వరరావు అరుగు మీద కూలబడ్డాడు. "బ్యాండు ముందర ఇట్టా ఆగితే నన్నింక ఎవురు పిలుస్తారు?"

"పెళ్లిలో ఆగలేదుగా. అన్న వీధిలోనే ఆగింది. అన్నే చూస్తాడు" అంది నాగమణి. ఆ నమ్మకానికి నాకే భయమేసింది.

కారణం కనిపిస్తూనే ఉంది. రేడియేటరు ముందుకు జరగడంతో ఇంజను ఫ్యానుకు దూరమైంది. వేగంగా పోతే ఎదురుగాలి కాపాడింది. మెల్లగా పోతే ఫ్యాను లాగే గాలి పక్కలకు పోతోంది. ఆ గాలిని కట్టడి చేసే ష్రౌడ్ అనే రేకు తొడుగు చేయించి, ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను బిగించాను.

మళ్లీ అదే వీధి, అదే నడక. నాగమణి అలాగే చెప్పులు విడిచి ఎక్కింది. ఈసారి బజారు చివరిదాకా వెళ్లినా ముల్లు సగం దాటలేదు. చాలని చెయ్యి ఎత్తాను. వెనక అద్దం దిగింది.

"అన్నా, చల్లగా ఉంది. ఇంకో వీధి తిప్పమను. మా పెళ్లికి బస్సులో వచ్చాం."

కోటేశ్వరరావు ముందున్న అద్దంలో ఆమెను చూసుకుంటూ, పెళ్లి నడకనే కారును పక్క వీధిలోకి తిప్పాడు.

బండిని మనకు నచ్చిన రోడ్డు మీద కాదు, అది బతకాల్సిన రోడ్డు మీద పరీక్షించాలని అప్పటి నుంచి నా షెడ్డులో నియమం పెట్టుకున్నాను. శ్రావణంలో ఆ కారు ఎక్కడా ఆగలేదు. అయితే ఆ ఏసీలో ఊరేగిన మొదటి పెళ్లికూతురు మాత్రం మా నాగమణే.