పక్కింటి బొమ్మలావిడ

అమెరికాలో, కాపెల్ అనే ఊళ్ళో మా అమ్మాయి వాళ్ళ పక్కింటావిడ పిల్లల పుస్తకాలు రాసి, బొమ్మలు కూడా తనే వేసేది. పేరున్న మనిషే. గీత నచ్చకపోతే చాలు, ప్యాడ్‌లోంచి పర్రుమని కాగితం చించి పారేసేది. వెనకవైపు తెల్లగా ఉన్న కాగితాలు! చూస్తూ ఊరుకోలేక, ఆవిడ చెత్తడబ్బాలోంచి ఏరి, పుస్తకంగా కుట్టి మనవరాలికిచ్చాను. నెల్లాళ్ళు అది వాటి నిండా బొమ్మలు వేసి, మురిసిపోతూ ఆవిడకే చూపించింది.

"ఆంటీ, నా స్కెచెస్ బయటికి వెళ్ళకూడదండీ!"

"వెనకవి పిల్ల వేసుకున్నవమ్మా."

"మళ్ళీ వేస్తుందిలెండి" అంటూ మా కళ్ళెదుటే పుస్తకాన్ని కాగితాలు కోసే మెషిన్‌లో పెట్టి ముక్కలు చేసింది.

మనవరాలు బిక్కచచ్చిపోయి, "సారీ ఆంటీ" అంది.

ఆ మహాతల్లి నవ్వి, "ఇట్స్ ఓకే" అని దాన్ని క్షమించింది.